బడికి వెళ్ళే సైకిలు

మీలో కొందరికి సైకిలు ఉండే ఉంటుంది. లేనివాళ్ళు కొనిపెట్టమని ఇంట్లో అడుగుతూనే ఉంటారు. దుకాణానికి వెళ్ళాక ఏం చూస్తారు? రంగు చూస్తారు. టైర్లు ఎంత లావున్నాయో, గేర్లు ఎన్ని ఉన్నాయో చూస్తారు. పక్కింటి అబ్బాయి దానికన్నా బాగుందా లేదా అని చూస్తారు. చూడండి, తప్పు లేదు. కాని వీటికన్నా ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అవన్నీ మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నవే.

ఈ మాట ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. నేను విజయవాడలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. పోయిన వర్షాకాలంలో మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు కొత్త సైకిలు కొనుక్కున్నాడు. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, మెరిసే రంగు. చూడముచ్చటగా ఉంది. కాని దానికి మడ్‌గార్డులు లేవు, వెనుక క్యారియర్ లేదు, బెల్లు కూడా లేదు. వాడు పుస్తకాల సంచి వీపుకు తగిలించుకుని, అన్నం డబ్బా ఉన్న గుడ్డసంచి హ్యాండిలుకు వేలాడదీసి వచ్చేవాడు. ఆ సంచి ఊగుతూ ముందు చక్రానికి తగలబోవడం నేను గేటు దగ్గర చాలా రోజులు చూశాను. చెబుదామనుకుంటూనే, గంట కొట్టేసరికి మరిచిపోయేవాణ్ణి. ఒకరోజు కాలవ వంతెన దిగుతుండగా ఆ సంచి చక్రం చువ్వల్లో ఇరుక్కుంది. చక్రం ఆగింది. వాడు ఆగలేదు. కుడి మణికట్టు ఎముక విరిగి, అర్ధ సంవత్సర పరీక్షలు రాయలేకపోయాడు.

ఆ వారమే నేను వాళ్ళ తరగతికి జడత్వం పాఠం చెప్పాను. కదిలే బస్సు హఠాత్తుగా ఆగితే ప్రయాణికులు ముందుకు తూలుతారని బల్ల మీద బొమ్మ వేసి మరీ చూపించాను. గేటు దగ్గర రోజూ కనబడుతున్న ఉదాహరణ మాత్రం చెప్పలేదు. ఆ బాకీ ఇప్పుడు మీ దగ్గర తీర్చుకుంటున్నాను.

ముందు దారిని కొలవండి

చెప్పులు కొనేముందు పాదం కొలుచుకుంటాం. సైకిలు కొనేముందు దారిని కొలుచుకోవాలి. ఇంటినుంచి బడికి ఎంత దూరం? దారిలో ఎత్తుపల్లాలు ఎన్ని? గుంటలు, ఇసుక ఎక్కడున్నాయి? రోజూ ఎంత బరువు మోయాలి? ట్యూషను ముగించుకుని ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుందా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి.

విజయవాడలో కొండలున్నా, ఎక్కువ దారులు చదునుగానే ఉంటాయి. కాలవల మీది వంతెనలు, ఫ్లైఓవర్లు వచ్చినప్పుడే ఎక్కాల్సి వస్తుంది. విశాఖపట్నం అలా కాదు. అక్కడ చాలా వీధులు వాలుగానే ఉంటాయి. హైదరాబాదులో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ సంగతి వాటి పేర్లే చెబుతున్నాయి. అందుకని విజయవాడ విద్యార్థికి సరిపోయే సైకిలు విశాఖ విద్యార్థికి సరిపోకపోవచ్చు.

వాలును కొలవడం కష్టమేమీ కాదు. వాహనాలు రానిచోట, రోడ్డు పక్కన ఒక మీటరు స్కేలు పెట్టండి. దాని పైచివర రోడ్డుకు ఆనాలి. కింది చివరను నెమ్మదిగా పైకి ఎత్తండి. స్కేలు మీద, నిండా నీళ్ళు పోసి ఒక చిన్న గాలిబుడగ మాత్రం మిగిల్చిన సీసాను పడుకోబెట్టండి. బుడగ సరిగ్గా నడిమికి వచ్చిందంటే స్కేలు సమతలంగా ఉన్నట్లు. ఇప్పుడు కింది చివరకూ రోడ్డుకూ మధ్య ఎత్తు కొలవండి. 5 సెంటీమీటర్లు వస్తే 20 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు ఎక్కుతున్నారన్నమాట. 10 సెంటీమీటర్లు వస్తే 10 మీటర్లకే ఒక మీటరు.

పళ్ళ చక్రాల లెక్క

పాలవాళ్ళూ పేపరువాళ్ళూ తొక్కే మామూలు నల్ల సైకిలును తీసుకుందాం. పెడలు దగ్గరి పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 44 ÷ 18, అంటే 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం వ్యాసం సుమారు 71 సెంటీమీటర్లు. దాని చుట్టుకొలత 223 సెంటీమీటర్లు. కాబట్టి పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 2.44 × 2.23, అంటే సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగం వస్తుంది. నాలుగు కిలోమీటర్ల బడికి పదిహేను నిమిషాలు చాలు.

ఈ లాభం ఊరికే రాదు. పెడలు చుట్టు తిరిగేటప్పుడు మీ పాదం నడిచే దూరం ఎంత? క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లనుకుంటే, పాదం సుమారు 1.07 మీటర్లు నడుస్తుంది. అంటే పాదం ఒక మీటరు నడిస్తే చక్రం ఐదు మీటర్లు నడుస్తుంది. దూరం ఐదు రెట్లు పెరిగితే బలం ఐదో వంతుకు తగ్గాలి. ఏ యంత్రమూ పనిని ఉచితంగా ఇవ్వదని చదువుకున్నారు కదా!

ఇప్పుడు ఎత్తు ఎక్కుదాం. మీ బరువు 50 కిలోలు, సైకిలు బరువు 20 కిలోలు అనుకోండి. రెండూ కలిపి సుమారు 700 న్యూటన్లు. పదింటికి ఒకటి చొప్పున ఉన్న వాలు ఎక్కడానికి రోడ్డు మీద అందులో పదో వంతు, అంటే 70 న్యూటన్ల బలం అదనంగా కావాలి. దానికోసం మీ పాదం ఐదు రెట్లు, 350 న్యూటన్లతో తొక్కాలి. అది 35 కిలోల మూట బరువు! సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే తప్ప లాభం లేదు. అదే సైకిలుకు వెనుక 28 పళ్ళ గేరు ఉంటే? పెడలు చుట్టుకు సైకిలు 3.5 మీటర్లే పోతుంది. పాదం పెట్టవలసిన బలం సుమారు 230 న్యూటన్లకు తగ్గుతుంది. వేగం తగ్గింది, కాలు తేలికపడింది.

కాబట్టి గేర్లు మంచివా కావా అని అడగడం కన్నా, మన దారికి అవసరమా కాదా అని అడగాలి. దారిలో ఒకటి రెండు వంతెనలు మాత్రమే ఉంటే గేర్లు లేని సైకిలు చాలు. దానిలో చెడిపోయే భాగాలు తక్కువ, మరమ్మతు ఏ వీధి మలుపులోనైనా అవుతుంది. రోజూ పెద్ద వాలు ఎక్కాలంటే మాత్రం గేర్లు కావాలి. ఒక్క వంతెన కోసం గేర్లు కొనడం కంటే, అక్కడ దిగి నడిపించుకుంటూ ఎక్కడం మేలు.

టైరులో గాలి

పూర్వం సైకిలు చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలు ఉండేవి. రాళ్ళ రోడ్డు మీద ఎముకలన్నీ కదిలిపోయేవి. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టాలు తొడిగాడు. ఈనాటి టైరు ప్రచారంలోకి వచ్చింది అక్కడినుంచే.

టైరులో గాలి మీ బరువును ఎలా మోస్తుందో చూడాలంటే ఒక ప్రయోగం చేయండి. వెనుక టైరు అడుగు భాగానికి తడి సుద్ద రాసి, కింద గ్రాఫు కాగితం పెట్టండి. సైకిలును ఒకరు పట్టుకోగా మరొకరు సీటు మీద కూర్చోవాలి. కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక మచ్చ పడుతుంది. గళ్ళు లెక్కపెట్టి దాని వైశాల్యం కనుక్కోండి. వెనుక చక్రం మీద పడే బరువు 42 కిలోలు, టైరులో పీడనం చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు అనుకుంటే, మచ్చ సుమారు 12 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. గాలి సగానికి తగ్గితే మచ్చ రెట్టింపు అవుతుంది. అంటే టైరు ఎక్కువగా చప్పబడింది. చక్రం దొర్లేకొద్దీ టైరు చప్పబడుతూ, తిరిగి లేస్తూ ఉంటుంది. ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ శక్తి ఇచ్చేది మీ కాళ్ళే!

లావు టైర్లు మట్టిదారిలో, ఇసుకలో కూరుకుపోకుండా ఉంటాయి. తారు రోడ్డు మీద, అందులోనూ గాలి తక్కువైతే, అవే బరువైపోతాయి. మరీ సన్నని టైర్లయితే గుంటల్లో రిమ్ము దెబ్బతింటుంది. పట్టణంలో బడికి వెళ్ళేవారికి మధ్యరకం మేలు. టైరు పక్కన ఎంత గాలి ఉండాలో అచ్చువేసి ఉంటుంది. వారానికి ఒకసారి గాలి చూసుకోండి. ముందు స్ప్రింగులు కూడా అంతే. గతుకుల దారిలో సుఖమే. కాని లేచి నిలబడి తొక్కినప్పుడల్లా స్ప్రింగు కుంగుతుంది. మీ శ్రమలో కొంత అది తినేస్తుంది. సైకిలు బరువూ పెరుగుతుంది.

ఆగడం నేర్వని సైకిలు

గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 4.2 మీటర్లు. ఎదురుగా ఒక ఆటో ఆగింది. మీ కన్ను చూసి, మెదడు చెప్పి, చెయ్యి బ్రేకు పట్టేసరికి ఒక సెకను పట్టిందనుకోండి. అప్పటికే 4.2 మీటర్లు వెళ్ళిపోయారు. తరువాత బ్రేకు మీ వేగాన్ని సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గిస్తే, ఆగడానికి మరో 2.9 మీటర్లు కావాలి. మొత్తం సుమారు 7 మీటర్లు. మీ తరగతి గది పొడవంత.

ఇప్పుడు వాన పడింది. ఇనుప రిమ్ము తడిసింది. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య నీటిపొర చేరి ఘర్షణ బాగా తగ్గిపోతుంది. మూడో వంతుకు తగ్గిందనుకుంటే, బ్రేకు పట్టాక పోయే దూరం 8.7 మీటర్లు. మొత్తం 13 మీటర్లు! మీరు అదే మీరు, సైకిలు అదే సైకిలు. కాని ఆగవలసిన చోటు ఆరు మీటర్లు అవతలికి జరిగింది. ఆ ఆరు మీటర్లలో ఏముంటుందో చెప్పలేం. అల్యూమినియం మిశ్రలోహపు రిమ్ములు తడిలో ఇనుప రిమ్ములకన్నా బాగా ఆగుతాయి. కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇంట్లో ఇనుప రిమ్ముల సైకిలే ఉంటే వానలో నెమ్మదిగా వెళ్ళండి. ముందునుంచే బ్రేకు తేలికగా తగిలిస్తూ రిమ్ము మీది నీటిని తుడవండి.

వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టాక పోయే దూరమూ నాలుగు రెట్లే. వంతెన దిగేటప్పుడు ఈ మాట మరవకండి. రెండు బ్రేకులూ కలిపి, మెత్తగా పట్టండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే మీ శరీరం జడత్వంతో హ్యాండిలు మీదుగా ముందుకు పోతుంది. మా అబ్బాయికి జరిగింది అదే. అక్కడ బ్రేకు పని గుడ్డసంచి చేసింది.

బరువు ఎక్కడ?

పాలవాళ్ళ సైకిలు ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? పెద్ద క్యాన్లు వెనుక చక్రానికి రెండు పక్కలా, కిందికి వేలాడుతూ ఉంటాయి. ఎందుకు? బరువు కిందికి వస్తే గురుత్వకేంద్రం కిందికి వస్తుంది. రెండు పక్కలా సమానంగా ఉంటే సైకిలు ఒక పక్కకు లాగదు. వాళ్ళు గురుత్వకేంద్రం అనే మాట వాడకపోవచ్చు, కాని దాని సంగతి వాళ్ళకు బాగా తెలుసు.

సంచి వీపున ఉంటే బరువు ఎత్తున ఉంటుంది, వీపుకు చెమట, భుజాలకు నొప్పి. హ్యాండిలుకు ఉంటే మలుపు తిప్పినప్పుడల్లా ఊగుతుంది, చువ్వల్లో పడుతుంది. కాబట్టి క్యారియర్ లేని సైకిలు బడికి పనికిరాదు. ఉన్నదానికి విడిగా బిగించుకోవచ్చు. సంచిని క్యారియర్ మీద పెట్టి, పాత ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీతో రెండు చోట్ల కట్టండి. పట్టీ కొసలు వేలాడకూడదు.

బట్టల సంగతి కూడా చూడాలి. ప్యాంటు అంచు గొలుసులో పడకుండా చైన్ కవరు ఉండాలి. చున్నీ వేసుకునే అమ్మాయిలు దాన్ని నడుముకు బిగించి కట్టుకోవాలి. వెనుక చక్రానికి పక్క జాలీ వేయించుకుంటే ఇంకా మంచిది. మడ్‌గార్డులు లేకపోతే వానాకాలంలో రోడ్డుమీది బురదంతా మీ చొక్కా మీదా, పుస్తకాల మీదా ఉంటుంది.

కనబడాలి, వినబడాలి

పాత సైకిళ్ళకు టైరుకు ఆనించే డైనమో ఉండేది. 6 వోల్టులు, 3 వాట్లు. తొక్కినంతసేపే వెలుగు. ఆగితే దీపం ఆరిపోయేది. ఇప్పుడు బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం పెట్టుకోండి.

వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఉంది కదా, దీపం ఎందుకంటారా? రెండు అద్దాలను లంబకోణంలో నిలబెట్టి, వాటి మూలలోకి టార్చి వేయండి. నేలకు సమాంతరంగా ఏ కోణంలో వేసినా కాంతి వచ్చిన దిక్కుకే తిరిగి పోతుంది. మూడో అద్దాన్ని అడుగున కూడా పెడితే ఎటునుంచి వేసినా అంతే. రిఫ్లెక్టరులో ఇలాంటి చిన్న చిన్న మూలలు వందలకొద్దీ ఉంటాయి. అందుకే లారీ దీపాల కాంతి మళ్ళీ లారీ డ్రైవరు కళ్ళకే చేరుతుంది. కాని ఎవరి దీపమూ దానిమీద పడకపోతే అది చీకటిలో చీకటే. దీపానికి ఆ ఇబ్బంది లేదు. రెండూ ఉండాలి. ఇక బెల్లు. అది లేని సైకిలు మూగది.

కొలత, తల

ఎదిగే పిల్లలు కదా అని చొక్కా వదులుగా కుట్టించినట్లు, సైకిలు కూడా పెద్దది కొంటూ ఉంటారు. అది ప్రమాదం. ఫ్రేముకు రెండు వైపులా కాళ్ళు పెట్టి నిలబడితే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. పై కడ్డీకీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. సీటు మీద కూర్చుని, పెడలు అడుగుకు వచ్చినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు నిటారుగా కావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు ఎత్తు అదే.

హెల్మెట్ కూడా పెట్టుకోండి. మీ తల ఒకటిన్నర మీటరు ఎత్తునుంచి పడితే నేలను తాకే వేగం గంటకు సుమారు 19 కిలోమీటర్లు. సైకిలు నిలబడి ఉన్నా సరే! హెల్మెట్ లోపలి నురుగు నలిగి తల ఆగే దూరాన్ని పెంచుతుంది. ఆగే దూరం పది రెట్లయితే సగటు బలం పదో వంతవుతుంది.

పాత సైకిలు కొనేవారికి

కొత్తది కొనే స్తోమత లేదని దిగులుపడకండి. మంచి పాత సైకిలు ఏమాత్రం తక్కువ కాదు. చక్రాలు ఎత్తి తిప్పి చూడండి. రిమ్ము బ్రేకు రబ్బర్ల మధ్య అటూ ఇటూ ఊగకూడదు. చువ్వలన్నీ ఉండాలి. తరువాత మీ స్కేలుతో గొలుసు కొలవండి. సైకిలు గొలుసులో ఒక పిన్ను నుంచి మరో పిన్నుకు అర అంగుళం. కాబట్టి 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చిందంటే గొలుసు మార్చాలి. గొలుసు సాగింది అంటారు గాని, నిజానికి సాగేది ఇనుము కాదు. పిన్నులు అరిగి సందులు పెరుగుతాయి.

మా తొమ్మిదో తరగతి అబ్బాయి చెయ్యి అతుక్కుంది. వాళ్ళ నాన్న సైకిలు అమ్మేద్దామన్నారు. వద్దని నేనే చెప్పాను. దానికే క్యారియర్, మడ్‌గార్డులు, బెల్లు, వెనుక దీపం బిగించాం. మెరుపు కాస్త తగ్గింది గాని, ఇప్పుడది బడికి వెళ్ళే సైకిలయింది. శనివారం సాయంత్రం మా బడిలో పిల్లలు ఒకరి సైకిలు మరొకరు పరీక్షిస్తారు. గాలి, బ్రేకులు, గొలుసు, బెల్లు, దీపం. హ్యాండిళ్ళకు సంచులున్నాయేమో చూసే పని మాత్రం వాడు ఇంకెవరికీ ఇవ్వడు.

ఆలోచించండి

1. మీ సైకిలుకు ముందు, వెనుక ఎన్ని పళ్ళున్నాయి? పెడలు ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం పోతుంది? లెక్కకట్టి, నేలమీద కొలిచి సరిచూడండి.

2. 20 మీటర్లకు ఒక మీటరు ఎక్కే వంతెన మీద, పైన చెప్పిన 18 పళ్ళ సైకిలుతో మీ పాదం ఎంత అదనపు బలం పెట్టాలి?

3. వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిపిన సైకిలు టైరులో పీడనం ఏమవుతుంది? ఎందుకు?